మాట్లాడే ఇంగ్లీషు, రాసే ఇంగ్లీషు: మీకు ఏది కావాలి, ఎక్కడ నేర్చుకోవాలి

అమెరికాలో క్లయింటు ఆఫీసుకి వెళ్లిన మొదటి వారం. లిఫ్టులో పక్కన నిలబడ్డ పెద్దాయన నవ్వుతూ ‘హౌజిట్ గోయిన్?’ అన్నాడు. ‘ఇట్’ అంటే మా ప్రాజెక్టే అనుకున్నాను. మాడ్యూలు ఎంతవరకు వచ్చిందో, టెస్టింగులో ఏం మిగిలిందో, ఎల్లుండికల్లా ఎలా పూర్తవుతుందో ఒక్క గ్రామర్ తప్పు లేకుండా చెప్పడం మొదలుపెట్టాను. మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ‘గుడ్, గుడ్’ అంటూ ఆయన దాదాపు పరుగే తీశాడు. పాపం, ఆయన అడిగింది ‘ఏమండీ, బాగున్నారా’ అని. ‘గుడ్, యూ?’ అంటే అయిపోయేది. పదిహేనేళ్ల చదువులో ఆ రెండు మాటలు నాకెవరూ నేర్పలేదు.

ఇప్పుడు మా బంధువుల పిల్లల్లో ఎవరికి ఇంజినీరింగ్ అయిపోయినా నాకు ఫోన్ వస్తుంది. ‘ఇంగ్లీషు మాట్లాడాలి, ఎక్కడ చేరమంటావు?’ అని. నేను ఏ పేరూ చెప్పను. ‘ఎవరితో మాట్లాడాలి?’ అని ఎదురు అడుగుతాను. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. అమీర్‌పేటలో బోర్డు చూసి ఫీజు కట్టేస్తారు. మూడు నెలల్లో టెన్సులన్నీ మరోసారి నేర్చుకుంటారు. నోరు మాత్రం చేరిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. కోర్సు ఎంచుకునే ముందు ఏ ఇంగ్లీషు కావాలో ఎంచుకోవాలి. ముందు ఆ తేడా చూద్దాం, కోర్సుల సంగతి తర్వాత.

ఈ గొడవ మనకు కొత్త కాదు

1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తరాంధ్ర వైపు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుందామని కూర్చుంటే పుస్తకంలో తెలుగు ఒకటి, బజార్లో తెలుగు ఇంకొకటి. ఇదేమిటని విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ని అడిగితే ఆయన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుల పేర్లు చెప్పారు. వ్యావహారిక భాషోద్యమం రాజుకోవడంలో ఆ ప్రశ్నకీ ఒక చెయ్యి ఉంది. ఒక ఇంగ్లీషువాడు తెలుగు గురించి అడిగిన ప్రశ్ననే ఇవాళ మనం ఇంగ్లీషు గురించి అడుగుతున్నాం.

‘నేను వచ్చుచున్నాను, మీరు ఎంత మూల్యమునకు ఇచ్చెదరు?’ అంటూ ఒక విదేశీయుడు కోఠీలో బేరమాడాడనుకోండి. కొట్టువాడికి అర్థమవుతుంది, నవ్వు కూడా వస్తుంది. ‘ఐ విష్ టు పర్చేజ్ దిస్ ఐటమ్’ అని మనం అక్కడి కొట్లో అన్నా అంతే. అయితే తెలుగులో క్రియారూపాలే మారిపోతాయి కానీ ఇంగ్లీషులో వ్యాకరణం పెద్దగా మారదు. మారేది పలుకు, మాటల ఎంపిక, మర్యాద చూపించే పద్ధతి. అందుకే గ్రామర్ ఎంత చదివినా ఈ తేడా పట్టుబడదు.

నోట్లో ఏమవుతుంది

ఒక ఉదాహరణ దగ్గర కాస్త ఆగుదాం. సోమవారం రాగలనని చెప్పడానికి నేను ‘ఐ క్యాన్ కమ్ ఆన్ మండే’ అని ప్రతి మాటా విడివిడిగా, గట్టిగా పలికాను. అవతలావిడ ‘ఓ, దట్స్ టూ బ్యాడ్’ అంది. రాలేనన్నానని అనుకుంది! వాళ్ల నోట్లో ‘క్యాన్’ నలిగిపోయి ‘క్‌న్’ అవుతుంది. ‘ఐ క్‌న్ కమ్’ అంటారు, బరువంతా ‘కమ్’ మీద పడుతుంది. అదే రాలేనని చెప్పాలంటే ‘క్యాంట్’ మీద బరువు వేస్తారు, చివర ‘ట్’ వినపడీ వినపడనట్టు మింగేస్తారు. అంటే మనం ‘క్యాన్’ని నొక్కి పలికితే వాళ్ల చెవికి అది ‘క్యాంట్’ అన్నమాట. స్పష్టంగా పలకడమే ఇక్కడ కొంప ముంచింది.

మనకు అన్ని అక్షరాలనీ దాదాపు సమానంగా పలకడం అలవాటు. ఇంగ్లీషు అలా నడవదు. ముఖ్యమైన మాటల్ని ఒత్తి, మిగతావాటిని మింగేస్తుంది. ‘టు’, ‘ఫర్’, ‘ఆఫ్’, ‘హ్యావ్’ లాంటి చిన్న మాటలన్నీ సగం సగమే వినపడతాయి. ‘వాట్ ఆర్ యూ డూయింగ్’ కాస్తా ‘వాడ్యా డూయిన్’ అవుతుంది. ‘షుడ్ హ్యావ్’ అనేది ‘షుడా’. ‘ఐ డోంట్ నో’ అనేది ‘ఐ డునో’. అమెరికన్ల నోట్లో ‘వాటర్’ కాస్తా ‘వాడర్’, ‘ట్వెంటీ’ కాస్తా ‘ట్వెన్నీ’.

ఇవి విన్నాక ఉత్సాహం ఎక్కువై అన్నిచోట్లా ‘గొన్నా’ వాడేసేవాళ్లుంటారు. దానికీ గ్రామర్ ఉంది. ‘ఐయామ్ గొన్నా కాల్ హిమ్’ సరైనదే, ఎందుకంటే తర్వాత క్రియ వచ్చింది. ‘ఐయామ్ గొన్నా విజయవాడ’ అనకూడదు. ఊరి పేరు ముందు అది ‘గోయింగ్ టు’ గానే ఉంటుంది. అలాగే ‘ఐ వాన్నా’ అంటారు కానీ ‘హీ వాన్నా’ అనరు, ‘హీ వాంట్స్ టు’ అనే అంటారు. నా సలహా అడిగితే ఇవన్నీ చెవికి నేర్పండి, నోటికి తొందర లేదు. ‘గోయింగ్ టు’ అని పూర్తిగా అన్నా ఎవరూ తప్పు పట్టరు. ఎదుటివాళ్లు ‘గొన్నా’ అన్నప్పుడు అర్థం కాకపోతేనే ఇబ్బంది.

యాస గురించి కూడా ఒక మాట. తెలుగు అజంత భాష కాబట్టి ‘బుక్కు’, ‘బస్సు’ అని చివర అచ్చు తగిలిస్తాం. ‘ఎగ్’ని ‘యెగ్’ అని, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అని మొదలుపెడతాం. ఇన్‌స్టిట్యూట్లలో దీని మీద వారాల తరబడి కూర్చోబెడతారు. నా అనుభవంలో దీనివల్ల అపార్థం కలిగింది చాలా తక్కువసార్లు. ఒత్తు, అంటే ఏ మాట మీద బరువు వేయాలన్నది, తప్పడం వల్ల కలిగింది చాలాసార్లు. టైము తక్కువ ఉంటే ఒత్తు మీదే పెట్టండి.

పెద్ద మాటలు సులువు, చిన్న మాటలు కష్టం

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టుల్లోకి, దర్బారులోకి ఫ్రెంచి మాటలు వచ్చి చేరాయి. లాటిన్ చదువుల ద్వారా ఇంకొన్ని వచ్చాయి. ఇంట్లో, పొలంలో మాత్రం పాత మాటలే మిగిలాయి. మనకు ‘జలము’ ఉంది, ‘నీళ్లు’ ఉన్నాయి చూడండి, అచ్చం అలాగే. ‘కమెన్స్’ పక్కన ‘స్టార్ట్’, ‘పర్చేజ్’ పక్కన ‘బై’, ‘పోస్ట్‌పోన్’ పక్కన ‘పుట్ ఆఫ్’, ‘టాలరేట్’ పక్కన ‘పుటప్ విత్’, ‘ఇన్వెస్టిగేట్’ పక్కన ‘లుక్ ఇంటూ’ ఉన్నాయి.

అక్కడి మూడేళ్ల పిల్లవాడికి ‘పుట్ ఆఫ్’ వస్తుంది, ‘పోస్ట్‌పోన్’ రాదు. మనకు సరిగ్గా ఉల్టా. పుస్తకాల్లోంచి నేర్చుకున్నాం కాబట్టి పెద్ద మాటలన్నీ తెలుసు. ‘పుటప్ విత్’ వింటే మాత్రం ఏం పెట్టారు, ఎక్కడ పెట్టారు అని వెతుక్కుంటాం. పదాలు ఎక్కువ నేర్చుకుంటే ఇంగ్లీషు వస్తుందనే ప్రకటనలు నమ్మకండి. మాటల ఇంగ్లీషుకి కావలసింది ‘గెట్’, ‘పుట్’, ‘టేక్’, ‘లుక్’, ‘కమ్’ లాంటి పాతిక ముప్పై క్రియలు. వాటి వెనకాల ‘అప్’, ‘ఆఫ్’, ‘అవుట్’ చేరితే అర్థం ఎటు తిరుగుతుందో తెలియాలి.

అవునంటే కాదనిలే

ఫోన్‌లో మేనేజరు ‘డిడింట్ యూ సెండ్ ద ఫైల్?’ అని అడిగింది. పంపలేదా అని. తెలుగులో అయితే ‘ఆఁ, పంపలేదండీ’ అంటాం. ఆమె అన్నది నిజమే అని ఒప్పుకోవడానికే ఆ ‘ఆఁ’. నేనూ ‘యెస్’ అన్నాను. పంపేశానని ఆమె నిశ్చింతగా ఫోన్ పెట్టేసింది. సాయంత్రానికి పెద్ద రభస అయింది. ఇంగ్లీషులో ప్రశ్న ఎలా అడిగినా పంపితే ‘యెస్, ఐ డిడ్’, పంపకపోతే ‘నో, ఐ డిడింట్’ అంతే. ప్రశ్నలో ఉన్న ‘నాట్’ని పట్టించుకోకూడదు. ఇప్పటికీ అలసిపోయిన రోజున నాకు ఇది తడబడుతుంది. అందుకే ఒట్టి ‘యెస్’తో ఆగకుండా, తర్వాత పూర్తి వాక్యం చెప్పడం అలవాటు చేసుకున్నాను.

మర్యాద ఇంకో చిక్కు. తెలుగులో గౌరవం క్రియలోనే ఉంటుంది. ‘పంపు’కి ‘అండి’ చేరిస్తే పని అయిపోయింది. ఇంగ్లీషులో ‘అండి’ లేదు. ఆ లోటు పూడ్చడానికి మనం మాటకి ముందొకటి వెనకొకటి ‘సర్’ అతికిస్తాం, ‘ప్లీజ్ సెండ్ ద ఫైల్’ అంటాం. ప్లీజ్ అన్నాం కదా అనుకుంటాం కానీ వాళ్ల చెవికి అది ప్లీజ్ తగిలించిన ఆజ్ఞ. వాళ్ల ‘అండి’ ప్రశ్నలో ఉంటుంది, భూతకాలంలో ఉంటుంది. ‘కుడ్ యూ సెండ్ మీ ద ఫైల్?’ అంటే మర్యాద. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్...’ అంటే ఇంకాస్త మర్యాద. కిటికీ మూయమని ‘వుడ్ యూ మైండ్ క్లోజింగ్ ద విండో?’ అని అడిగితే సరేనని చెప్పడానికి ‘నో, నాట్ ఎట్ ఆల్’ అనాలి. ‘యెస్’ అన్నారంటే కిటికీ మూయడానికి మీకు ఇష్టం లేదని అర్థం.

ఈ రెండిటి మధ్య మన ఆఫీసు ఇంగ్లీషు

స్కూల్లో అందరం బట్టీపట్టిన లీవ్ లెటర్ గుర్తుందా? ‘రెస్పెక్టెడ్ సర్, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్.’ చివర ‘యువర్స్ ఒబీడియంట్లీ’. డాలస్‌లో ఒక ఉద్యోగి అదే పనికి రాసే మెసేజ్ ఇది: ‘హాయ్, నాట్ ఫీలింగ్ వెల్ టుడే, సో ఐల్ బి అవుట్. విల్ చెక్ ఇన్ టుమారో.’ మన పద్ధతిలో సెలవు అడుగుతున్నాం, వాళ్లు సెలవులో ఉన్నామని చెబుతున్నారు. భాష కంటే ముందు అక్కడి ఆఫీసు అలవాటు తెలియాలి.

అలాగని మన లెటర్‌ని పూర్తిగా పారేయమనను. ఇక్కడి సర్కారు ఆఫీసుల్లో, చాలా కాలేజీల్లో ఇంకా అదే నడుస్తుంది, అక్కడ ‘హాయ్’ అంటూ రాస్తే కాగితం కదలదు. బయట మాత్రం లాంఛన ఇంగ్లీషు కూడా చాలా మారింది. అమెరికాలో ప్రభుత్వ కాగితాలు జనానికి అర్థమయ్యేలా రాయాలని 2010లో ఏకంగా చట్టమే చేశారు. ఫార్మల్ అంటే మెలికలు తిరిగిన వాక్యం అనే మన నమ్మకం అక్కడ చెల్లదు.

‘డూ ద నీడ్‌ఫుల్’, ‘ఐ హ్యావ్ ఎ డౌట్’, ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’, ‘రివర్ట్ బ్యాక్’, ‘అవుట్ ఆఫ్ స్టేషన్’. ఇవి మన దేశంలో మనకు మనం మాట్లాడుకునే ఇంగ్లీషు. వీటిని తప్పులని ఎగతాళి చేసేవాళ్లంటే నాకు చిరాకు. ‘ప్రీపోన్’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. హైదరాబాద్ నుంచి పుణెకి మెయిల్ రాసేటప్పుడు వీటితో ఏ ఇబ్బందీ రాదు. కానీ సముద్రం దాటితే ‘పాస్డ్ అవుట్’ అంటే కళ్లు తిరిగి పడిపోయానని, ‘డౌట్’ అంటే మీ మాట మీద నాకు నమ్మకం లేదని. ‘డౌట్’ బదులు ‘క్వశ్చన్’, ‘పాస్డ్ అవుట్’ బదులు ‘గ్రాడ్యుయేటెడ్’. ఇలాంటివి పది మార్చుకుంటే చాలు, ఒక్క ఆదివారం పని.

ఎవరికి ఏది కావాలి

బ్యాంకు పరీక్షలకో, గ్రూప్స్‌కో చదువుతున్నవాళ్లు ఇప్పటిదాకా నేను చెప్పినవన్నీ పక్కన పెట్టేయొచ్చు. అక్కడ అడిగేది రాత ఇంగ్లీషు, తప్పులు పట్టడం, ఖాళీలు నింపడం. గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపరు పాసైతే చాలు, ర్యాంకుకి దాని మార్కులు కలవవు. మీకు ‘గొన్నా’తో పని లేదు. మన ఇళ్లలో అటక మీద ఉండే రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం దింపి దుమ్ము దులపండి. దాన్ని తర్వాతి రోజుల్లో సవరించినాయన ఎన్.డి.వి. ప్రసాదరావు అని అట్ట మీదే ఉంటుంది.

ఐఎల్టీఎస్ రాసేవాళ్లకు రెండూ కావాలి, అదీ ఒకే పరీక్షలో. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడాలి. రెండో భాగంలో కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం ఇస్తారు. అక్కడ ‘ఐమ్’, ‘డోంట్’ అని కలిపి పలకడమే సహజం. బట్టీపట్టిన వ్యాసం అప్పజెప్పితే పరీక్షకుడికి ఇట్టే తెలిసిపోతుంది. రైటింగ్‌లో 250 పదాల వ్యాసం దగ్గరికొచ్చేసరికి అదే ‘డోంట్’ని ‘డూ నాట్’ అని విడదీసి రాయాలి. చాలామంది కోచింగ్ అంతా రైటింగ్‌కే తీసుకుని, స్పీకింగ్‌లో వ్యాసం భాష మాట్లాడి మార్కులు పోగొట్టుకుంటారు.

వీసా ఇంటర్వ్యూ ఇంకో రకం. హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023లో నానక్‌రాంగూడకి మారింది. భవనం మారినా కిటికీ అదే, అద్దం అదే, మైకులోంచి వచ్చే ప్రశ్న అదే వేగం. ‘వై దిస్ యూనివర్సిటీ?’ అంటే ‘సర్, దిస్ ప్రెస్టీజియస్ ఇన్‌స్టిట్యూషన్ ఈజ్ రినౌన్డ్ ఫర్...’ అని కన్సల్టెన్సీ నేర్పిన పాఠం మొదలుపెట్టేవాళ్లను క్యూలో నేనే విన్నాను. రెండు చిన్న వాక్యాల్లో నిజమైన కారణం చెప్పడం సాధన చెయ్యండి. ప్రశ్న వినపడకపోతే ‘సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?’ అనడం ఒక్కటి నోటికి రావాలి. ఆ ఒక్క వాక్యం చాలా టెన్షన్ తగ్గిస్తుంది.

పై చదువులకు వెళ్లేవాళ్లకు ముందు వినడం కావాలి. లెక్చరు కంటే క్యాంటీన్ కబుర్లే కష్టం, ఎందుకంటే లెక్చరులో మాట్లాడేది పుస్తకానికి దగ్గర. ప్రొఫెసర్‌కి మెయిల్ మాత్రం మధ్యస్థంగా ఉండాలి. ‘రెస్పెక్టెడ్ సర్’ వద్దు, ‘హే’ అసలే వద్దు, ‘డియర్ ప్రొఫెసర్’ అని ఇంటిపేరు రాస్తే సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో క్లయింటు కాల్స్ ఉన్నవాళ్లకు కావలసింది కూడా ఆ మధ్యరకమే. స్లాంగ్ అక్కర్లేదు. మాట మధ్యలో మర్యాదగా అడ్డుపడటం, తెలియనిది తెలియదని చెప్పడం, ఆలస్యమవుతుందని ముందే చెప్పడం రావాలి.

ఇక పిల్లల్ని చూడటానికి వెళ్లే అమ్మానాన్నలు. మా అమ్మని కూడా మా చెల్లి ఒక స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేర్పించబోయింది. నేనే ఆపాను. ఆమెకి కావలసింది ముప్పై నలభై వాక్యాలు. ఇమిగ్రేషన్‌లో ‘విజిటింగ్ మై డాటర్’, ‘సిక్స్ మంత్స్’, విమానంలో ‘వెజిటేరియన్’, ‘హాట్ వాటర్, ప్లీజ్’. పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పర్సులో పెట్టాం. అక్కడ పార్కులో ఎదురైన వాళ్లకి ఆమె ‘గుడ్ మార్నింగ్’ చెప్పి నవ్వేది. రెండు వారాల్లో నాకంటే ఎక్కువ స్నేహాలు ఆమెకే అయ్యాయి.

ఎక్కడ నేర్చుకోవాలి

ఇంగ్లీషు ఎలా నేర్పాలో టీచర్లకు నేర్పడానికి 1958లోనే హైదరాబాద్‌లో ఒక కేంద్ర సంస్థ పెట్టారు. ఇవాళ్టి ఇఫ్లూ యూనివర్సిటీ అదే. దానికి ఎనిమిది పది కిలోమీటర్ల దూరంలో ఉన్న అమీర్‌పేటలో మాత్రం ఇంగ్లీషంటే ఇంకా బోర్డు మీద టెన్సుల పట్టికే.

ఇన్‌స్టిట్యూట్‌ని పూర్తిగా కొట్టిపారేయను. తెలుగు మీడియంలో చదివి, నలుగురిలో ఒక్క ఇంగ్లీషు మాట అనడానికే గొంతు ఎండిపోయేవాళ్లకు అది మంచి చోటు. పక్కవాడూ తడబడుతున్నాడని చూస్తే సగం భయం పోతుంది. నా భయం పోయింది అలాంటి రేకుల షెడ్డులోనే. కానీ అక్కడ నేర్చుకునేది సహజ సంభాషణ కాదు. బ్యాచ్‌లో అందరికీ మన యాసే, మన వాక్యాలే, టీచరుకూ అవే. ఒకటి రెండు నెలలు, భయం పోయేదాకా చాలు. అడ్వాన్స్‌డ్ కోర్సు అంటూ మళ్లీ ఫీజు అడిగితే లేచి రండి.

ఆన్‌లైన్‌లో ఒక్కరికే పాఠం చెప్పే ట్యూటర్ ఖరీదైన పద్ధతి, త్వరగా ఫలితం ఇచ్చేదీ అదే. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లే కావాలని పట్టుబట్టకండి. మీరు చేసే తప్పు ఎందుకు వస్తుందో తెలుగు తెలిసిన టీచరుకే తెలుస్తుంది. ‘యెస్’, ‘నో’ తికమక నాకు వివరించింది మదనపల్లె వైపు టీచరే, అమెరికన్లకు అసలు నేనెందుకు తికమక పడుతున్నానో అర్థం కాలేదు. చెవికి అలవాటు కావాలంటే మాత్రం అక్కడి మనిషే కావాలి. వీలైతే మొదటి నెల ఇక్కడి టీచరు, తర్వాత అక్కడి మనిషి.

నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు 1924లో కాలిఫోర్నియాలో పుట్టాయి, హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. ఖర్చు తక్కువ, మనుషులు మంచివాళ్లు. వేదిక భయం పోవాలంటే ఇంతకంటే మంచిది నేను చూడలేదు. అయితే అక్కడ ‘ఆ-కౌంటర్’ అని ఒకరు కూర్చుని మీరు ఎన్నిసార్లు ‘ఆ’, ‘ఉమ్’, ‘యూ నో’ అన్నారో లెక్కపెడతారు. ఉపన్యాసానికి అది అవసరమే. సంభాషణ నడిచేది మాత్రం వాటి మీదే! మనం ‘అంటే’, ‘మరి’, ‘ఏమంటే’ లేకుండా పక్కింటివాళ్లతో మాట్లాడతామా? ‘వెల్’, ‘ఐ మీన్’, ‘యూ నో’ అంటే ఇంకా నా మాట పూర్తి కాలేదు, ఆగు అని చెప్పడం. ప్రజెంటేషన్లు ఇచ్చేవాళ్లు క్లబ్బుకి వెళ్లండి, కబుర్లు రావాలనుకునేవాళ్లకు అది దారి కాదు.

ఫోన్‌లో ఏఐతో మాట్లాడటం ఇప్పుడు అందరూ చేస్తున్నారు, చాట్‌జీపీటీ అయినా జెమినీ అయినా. సిగ్గుపడేవాళ్లకు ఇది వరం. అర్ధరాత్రి ఒకే వాక్యం ఇరవైసార్లు అన్నా విసుక్కోదు. దాని లోపం కూడా ఆ మంచితనమే. మన ఉచ్చారణ ఎంత వంకరగా ఉన్నా అర్థం చేసుకుంటుంది, పైగా మెచ్చుకుంటుంది. లిఫ్టులో పెద్దాయన అలా చెయ్యడు. కాబట్టి దానికి వేషం కట్టించండి: ‘నువ్వు అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులో మనిషివి, హడావిడిలో ఉన్నావు, వేగంగా మాట్లాడు, నా మాట వింతగా ఉంటే అర్థం కాలేదని చెప్పు, తప్పులు చివర్లో చెప్పు.’ ఇలా అడిగితే పావుగంటలో చెమటలు పడతాయి.

వినడానికి బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ బాగుంటుంది. 1943 నుంచి ఇదే పనిలో ఉన్నారు వాళ్లు. ‘సిక్స్ మినిట్ ఇంగ్లీష్’తో మొదలుపెట్టండి. కానీ నేర్చుకునేవాళ్ల కోసం చేసింది కాబట్టి అందులో అందరూ స్పష్టంగా మాట్లాడతారు, అక్కడే ఉండిపోతే ‘క్‌న్’ ఎప్పటికీ వినపడదు. కామెడీ సీరియళ్లు చూడమని అందరూ చెబుతారు, అవి కూడా ఎవరో రాసిచ్చిన మాటలే, బయట ఎవరూ అంత చమత్కారంగా మాట్లాడరు. రాసిపెట్టని మాటలు కావాలంటే క్రికెట్ మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ల ఇంటర్వ్యూలు వినండి. ఆస్ట్రేలియా వాళ్లు ‘యా, లుక్...’ అని మొదలుపెట్టి, వాక్యం సగంలో వదిలేసి, ఇంకోటి ఎత్తుకుంటారు. ఆట మీకు ముందే తెలుసు కాబట్టి సగం వినపడకపోయినా అర్థమవుతుంది. ఒక నిమిషం ముక్క తీసుకుని, ఆపి ఆపి, వాళ్ల వెంటే అదే ఒత్తుతో అనండి. రోజుకి పది నిమిషాలు. డబ్బు ఖర్చు లేకుండా నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

‘ముప్పై రోజుల్లో’ పుస్తకాలు రైల్వే స్టేషన్ కాలక్షేపం.

ఎక్కడ చేరినా ముందు డెమో క్లాసుకి వాచీ పెట్టుకుని వెళ్లండి. గంట క్లాసులో ముప్పై మంది ఉంటే, టీచరు నోరు మెదపకపోయినా మీ వంతుకి వచ్చేది రెండు నిమిషాలు. మా పిన్ని కొడుకు పోయిన నెల అలా వెళ్లొచ్చాడు. గంటన్నరలో వాడు అన్నది ‘ప్రెజెంట్ సర్’ ఒక్కటే. ఫీజు కట్టకుండా వచ్చేశాడు. ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదికి నాకు ఫోన్ చేస్తాడు, తెలుగు వాడకూడదని ఒప్పందం. మొదటి వారం రెండో నిమిషానికే ‘అన్నా, ఇంక నావల్ల కాదు’ అనేవాడు. నిన్న పదకొండు నిమిషాలు మాట్లాడాడు, అందులో ఏడు బిర్యానీ గురించే.